క్లబ్బుతో కలిసి తొలి ట్రెక్: నల్లగొండ, పాలమూరు వాసులకు సమగ్ర మార్గదర్శి

మన ప్రాంతంలో గుట్ట ఎక్కడం ఎవరికీ కొత్త కాదు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయ దిగి లింగమయ్యను దర్శించుకున్నవారు, ఉమామహేశ్వరం కొండ నడిచి ఎక్కినవారు, లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు ఎక్కి దిగినవారు ఇంటికొకరైనా ఉంటారు. అయితే జాతరకు నడిచే జనంలో ఎవరి నడక వారిది. ఆగినా, వెనుదిరిగినా అడిగేవారుండరు. క్లబ్బు ఏర్పాటు చేసే ట్రెక్ అలాంటిది కాదు. ఒకరికొకరు అంతగా తెలియని ఇరవై మంది ఒకే దారిలో, ఒకే వేళ పట్టికతో, ఒకరి భద్రతకు మరొకరు పూచీగా నడుస్తారు. ఒకరి బూటు అడుగు ఊడినా, ఒకరి నీళ్లు అయిపోయినా మిగతా పందొమ్మిది మంది ఆగవలసి వస్తుంది. అందువల్ల క్లబ్బు నడకకు సిద్ధపడటమంటే బృందం పట్ల మన బాధ్యతను ముందుగానే నెరవేర్చడమని నేను నమ్ముతాను. ఆ సన్నద్ధతను మొదటి నుంచి చివరి దాకా వరుసగా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి దశ: క్లబ్బును పరిశీలించడం

ట్రెక్‌లు నడిపేవారు స్థూలంగా రెండు రకాలుగా ఉంటారు. మొదటి రకం సభ్యులే స్వచ్ఛందంగా నడుపుకునే సంఘాలు. వీటిలో బండి కిరాయి, తిండి, అనుమతి రుసుము వంటి ఖర్చులను అందరూ పంచుకుంటారు. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా శాఖలు, గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ వంటివి ఈ కోవకు చెందుతాయి. రెండో రకం రుసుము తీసుకుని అన్ని ఏర్పాట్లూ చేసే వ్యాపార సంస్థలు. రెంటిలోనూ మంచివీ ఉన్నాయి, నిర్లక్ష్యంగా నడిచేవీ ఉన్నాయి కాబట్టి పేరును బట్టి కాక, అడిగిన ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి నిర్ణయించుకోవాలి.

ఆ దారిలో లీడర్ ఇంతకు ముందు నడిచారా, అందరికంటే వెనక వచ్చే స్వీప్ ఎవరు, ప్రథమ చికిత్స నేర్చుకున్నవారు బృందంలో ఉన్నారా, అటవీ భూమి అయితే అనుమతి ఎవరి పేరు మీద తీసుకున్నారు, వాన పడితే ఏం చేస్తారు అని అడగండి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబే అన్నింటికంటే ముఖ్యమైనది. పరిస్థితి బాగా లేకపోతే రద్దు చేస్తామనీ, డబ్బు ఎలా తిరిగి ఇస్తామో ఇదీ పద్ధతి అనీ స్పష్టంగా చెప్పే క్లబ్బును నమ్మవచ్చు. ఏమైనా వెళ్లి తీరుతామని గొప్పగా చెప్పేవారి వెంట వెళ్లకపోవడమే మేలు. అలాగే బృందం ముప్పై దాటితే ఒకే లీడర్ అందరినీ కనిపెట్టి ఉండలేరు. అప్పుడు బృందాన్ని విడదీసి నడిపిస్తారా అన్నది కూడా తెలుసుకోవాలి.

రెండో దశ: మొదటి గుట్టను ఎంచుకోవడం

కొత్తవారు చాలామంది ఫోటోలు చూసి నల్లమల అడవితోనే మొదలుపెట్టాలనుకుంటారు. నా ఉద్దేశంలో మొదటి నడకకు కోట గుట్టలే సరైనవి. భువనగిరి ఖిల్లా ఇందుకు ఎంతో అనువుగా ఉంటుంది. అయిదు వందల అడుగులకు పైగా ఎత్తున్న ఏకశిల మీద, పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన ఆ కోటకు రాతి మెట్ల దారి ఉంది. కింద ఊరు, రైల్వే స్టేషను, ఆసుపత్రి అందుబాటులో ఉంటాయి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందిన బండ కూడా ఇదే కావడం మన పిల్లలకు చెప్పుకోదగిన విషయం.

పాలమూరు వైపు కోయిలకొండ, వనపర్తి వైపు ఖిల్లా ఘనపూర్, నల్లగొండ వైపు దేవరకొండ, సంస్థాన్ నారాయణపూర్ సమీపంలోని రాచకొండ దాని తరువాతి మెట్టు. రేచర్ల పద్మనాయకుల ఏలుబడిలో వెలిగిన దేవరకొండ, రాచకొండ కోటల్లో దారి అన్నిచోట్లా స్పష్టంగా ఉండదు; ముళ్ల కంపలు, కూలిన గోడల రాళ్లు, పొదల్లో దాగిన పాత బావులు ఉంటాయి. అక్కడికి దారి తెలిసినవారి వెంటే వెళ్లాలి.

నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం సంగతి పూర్తిగా వేరు. దాదాపు 2,611 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలో మనకు ఇష్టం వచ్చిన చోట నడిచే హక్కు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం నేరం. ఫర్హాబాద్ వైపు అటవీ శాఖ నిర్ణయించిన పద్ధతిలోనే వెళ్లాలి. సలేశ్వరం దారి జాతర రోజుల్లో మాత్రమే తెరుస్తారు. మన్ననూరు తనిఖీ కేంద్రం దగ్గర రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అడవిలోకి వదలరు కాబట్టి క్లబ్బు వేళ పట్టిక దానికి లోబడి ఉందో లేదో చూసుకోవాలి. తమకు తెలిసిన దొంగదారి ఉందని ఎవరైనా చెబితే ఆ క్లబ్బుకు అక్కడితో నమస్కారం పెట్టండి.

కాలం విషయంలో సందేహం అక్కరలేదు. మన బండలకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. మార్చి నుంచి పరుపుబండ పొద్దున పదింటికే కాలడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున ఎక్కి ఎండ ముదరకముందే దిగే చిన్న నడకలు తప్ప మరేవీ ఒప్పుకోకూడదు. వానాకాలంలో గుట్టలు పచ్చగా ముచ్చటగా ఉంటాయి గానీ, పాచి పట్టిన తడి బండ మీద మంచి బూటు కూడా నిలవదు.

మూడో దశ: ఆరు వారాల నడక సాధన

జిమ్‌కు వెళ్లేవారు కూడా గుట్ట దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతున్నాయని ఆగిపోతుంటారు. ఎక్కడానికి ఊపిరి కావాలి. దిగడానికి తొడ కండరాల బలం కావాలి. ఈ రెండింటినీ విడివిడిగా సాధన చేయాలి.

మొదటి రెండు వారాలు వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాల చొప్పున, మాట్లాడగలిగేంత వేగంతో చదును నేల మీద నడవండి. మూడో వారం నుంచి అందులో రెండు రోజులు మెట్లకు కేటాయించండి. నల్లగొండలో ఉన్నవారికి లతీఫ్ సాహెబ్ గుట్ట, మహబూబ్‌నగర్‌లో ఉన్నవారికి మన్యంకొండ ఉండగా వేరే చోటు వెతకనక్కర లేదు. ఏదీ దగ్గర లేనివారికి మూడంతస్తుల భవనం మెట్లు చాలు. ఎక్కేటప్పుడు కాలి మడమ వరకు మొత్తం పాదాన్ని మెట్టు మీద ఆనించండి. దిగేటప్పుడు ధన్‌మని పడకుండా, పై కాలి మీద బరువు ఉంచి కింది కాలిని మెల్లగా దించండి. ఈ నెమ్మదైన దిగుడే తొడలను గట్టిపరుస్తుంది. నాలుగు, అయిదు వారాల్లో ట్రెక్ నాడు మోయబోయే సంచిని అదే బరువుతో, అంటే మూడు లీటర్ల నీళ్లు, తిండి, మిగతా సామానుతో వీపున వేసుకుని అవే మెట్లు ఎక్కండి. ఆరో వారం మధ్య నుంచి తగ్గించి, చివరి రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి.

రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు, నలభై అయిదు దాటి ఇన్నాళ్లూ వ్యాయామం లేనివారు సాధన మొదలుపెట్టే ముందే వైద్యుణ్ని కలవాలి. ఆ వివరాన్ని క్లబ్బు లీడర్‌కు కూడా చెప్పాలి. చెబితే తీసుకుపోరేమోనన్న భయంతో చాలామంది దాచిపెడతారు. అది అందరికంటే ముందు లీడర్‌కు చేసే అన్యాయం, ఎందుకంటే మధుమేహం ఉన్న వ్యక్తి తూలి పడితే ఒంట్లో చక్కెర తగ్గిందేమోనని వెంటనే అనుమానించగలిగేది ఆ సంగతి ముందే తెలిసినవారే.

నాలుగో దశ: బూట్లు, బట్టలు, సంచి

డబ్బు ఖర్చు పెట్టవలసిన ఒకే ఒక్క వస్తువు బూట్లు. మన గుట్టలు చాలావరకు నల్లరాయి, గరుకు గ్రానైటు. ఎండిన బండ మీద మెత్తని రబ్బరు అడుగు బాగా పట్టుకుంటుంది, గట్టి ప్లాస్టిక్ అడుగు జారుతుంది. దుకాణంలో సాయంత్రం పూట, మేజోళ్లు వేసుకుని కొలత చూసుకోండి, ఎందుకంటే పగలంతా నడిచాక పాదం కొంత ఉబ్బుతుంది. బూటు తొడిగి వేళ్లను ముందుకు నెట్టినప్పుడు మడమ వెనక ఒక వేలు దూరాలి. ఆ ఖాళీ లేకపోతే దిగుడులో బొటనవేలి గోరు ముందు గోడకు గుద్దుకుని, మర్నాటికి నల్లబడుతుంది. కొత్త బూట్లను కనీసం రెండు వారాలు వాడిన తరువాతే గుట్టకు వేసుకెళ్లాలి. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న పాత బూట్లనూ నమ్మకూడదు, వాటి జిగురు ఎండిపోయి అడుగు భాగం దారిలోనే ఊడిపోతుంది. ట్రెక్‌కు రెండు రోజుల ముందు కాలి గోళ్లు కత్తిరించుకోండి.

బట్టల విషయంలో జీన్స్ వద్దు. తడిస్తే ఆరవు, మోకాలు వంగనివ్వవు. తేలికగా ఆరిపోయే నిండు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా మన దారులకు సరిపోతాయి. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు, దూలగొండి తీగల నుంచి కాపాడేది ఈ నిండు బట్టే. టోపీ వెనక మెడ మీదికి తువ్వాలు వేలాడేలా వేసుకుంటే ఎండ దెబ్బ సగం తగ్గుతుంది. అడవి నడకకు మట్టి రంగు, ఆకుపచ్చ బట్టలు మంచివి. సెంటు, ఘాటైన తల నూనె పూర్తిగా మానుకోవాలి. కారణం తేనెటీగల గురించి చెప్పేటప్పుడు వివరిస్తాను.

సంచి ఇరవై, ఇరవై అయిదు లీటర్లది చాలు, రెండు భుజాలకూ పట్టీలు ఉండాలి. అందులో నీళ్లు, తిండి, తలకు కట్టుకునే లైటు, ఈల, రోజువారీ మందులు, బొబ్బలకు అంటించే ప్లాస్టరు, ఓఆర్ఎస్ పొట్లాలు, పలుచని వాన కోటు, ఆధార్ నకలు, చెత్త వేసుకునే సంచి ఉంటే సరిపోతుంది. పగటి నడకకు లైటు ఎందుకని చాలామంది వదిలేస్తారు. డిసెంబరులో మన దగ్గర సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది; ఒకరి చీలమండ బెణికితే చాలు, మధ్యాహ్నం దిగవలసిన బృందం చీకట్లో దిగుతుంది. ఫోను లైటు పట్టుకుంటే ఒక చేయి ఖాళీగా ఉండదు, బండ దిగడానికి రెండు చేతులూ కావాలి.

అయిదో దశ: నీళ్లు, తిండి

చలికాలపు సగం రోజు నడకకు మనిషికి మూడు లీటర్ల నీళ్లు కావాలి. బరువని తగ్గించుకుని, దారిలో పక్కవారిని అడగవచ్చనుకోవడం సరికాదు, వారు తెచ్చుకున్నది వారికి సరిపడేంతే ఉంటుంది. దాహం వేసే దాకా ఆగకుండా ప్రతి ఇరవై నిమిషాలకు రెండు మూడు గుక్కలు తాగాలి. ఉట్టి నీళ్లే తాగుతూ చెమట రూపంలో ఉప్పు పోగొట్టుకుంటే తలనొప్పి, వికారం మొదలవుతాయి కాబట్టి ఒక లీటరులో ఓఆర్ఎస్ కలుపుకోండి. పొట్లం దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా.

కోట గుట్టల మీద దొనల్లో, గుండాల్లో నీళ్లు తేటగా కనిపిస్తాయి గానీ కోతులు, మేకలు, మనుషులు అందరూ దిగే నీళ్లవి. నల్లగొండవాళ్లకు నీళ్లంటే ముందు ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. అయితే ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. ఒక పూట నడకలో ప్రమాదం క్రిముల నుంచే వస్తుంది, అందుకే ఇంటి నుంచే నీళ్లు తీసుకెళ్లండి.

తిండి విషయంలో మన వంటిల్లు ఎంతో అక్కరకొస్తుంది. పల్లి పట్టీలు, మలీద ముద్దలు, ఖర్జూరాలు, అరటిపండ్లు దారి పొడవునా కొంచెం కొంచెంగా తినడానికి బాగుంటాయి. మధ్యాహ్నానికి పులిహోర గానీ, జొన్న రొట్టెలో పల్లీల పొడి గానీ చెడిపోకుండా ఉంటాయి. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది, దాన్ని ఇంటికి వచ్చాక తినవచ్చు.

ఆరో దశ: నమోదు, ముందు రోజు

పేరు నమోదు చేసుకునేటప్పుడు రక్తం గ్రూపు, అలెర్జీలు, అత్యవసరంలో ఫోను చేయవలసిన ఇంటివారి నంబరు నిజాయితీగా నింపండి. సంతకం పెట్టే బాధ్యత పత్రాన్ని చదివే సంతకం చేయండి. రాలేని పరిస్థితి వస్తే వీలైనంత ముందుగా చెప్పాలి, అనుమతి జాబితాలో పేర్లు ఖరారయ్యాక మీ చోటులోకి మరొకరు రాలేరు. జ్వరం గానీ విరేచనాలు గానీ ముందు రోజు కూడా ఉంటే మానుకోండి. అలా మానుకున్నవారిని మంచి క్లబ్బు ఎన్నడూ చులకనగా చూడదు.

వెళ్తున్న చోటు, లీడర్ నంబరు, తిరిగివచ్చే వేళ ఇంట్లో కాగితం మీద రాసి పెట్టండి. మన్ననూరు దాటాక చాలా చోట్ల ఫోనుకు సిగ్నల్ ఉండదు కాబట్టి దారి మ్యాపును ముందే దింపుకుని, అడవిలో ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచితే బ్యాటరీ నిలుస్తుంది. ఆడపిల్లలను తొలిసారి పంపే తల్లిదండ్రులు లీడర్‌తో నేరుగా మాట్లాడటంలో తప్పేమీ లేదు. బృందంలో ఎందరు స్త్రీలున్నారు, మహిళా లీడర్ ఉన్నారా అని అడగవచ్చు.

నడక ఎంతసేపు పడుతుందో మీరూ లెక్క వేసుకోవచ్చు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ప్రకారం అయిదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట పడుతుంది. ఎనిమిది కిలోమీటర్ల దూరం, 300 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి ఇది సుమారు రెండు గంటల ఆరు నిమిషాలు. కొత్తవారున్న ఇరవై మంది బృందానికి దాన్ని రెండింతలు చేసుకుంటేనే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఏడో దశ: నడక నాడు

చెప్పిన వేళకు పది నిమిషాల ముందే చేరండి. ఆలస్యంగా బయలుదేరిన ప్రతి నిమిషం మధ్యాహ్నపు ఎండలో తిరిగి వస్తుంది. లీడర్ చెప్పే సూచనలను ఫోను పక్కన పెట్టి వినండి, తలల లెక్కలో మీ సంఖ్యను గుర్తుంచుకోండి.

మొదటి అరగంట కావాలని నెమ్మదిగా నడవాలి. బృందం వేగం అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే. అందుకే తెలివైన లీడర్ వారిని తన వెనకే నడిపిస్తారు. లీడర్‌ను దాటి ముందుకు పోకూడదు, స్వీప్ కంటే వెనక మిగలకూడదు. దారి చీలిన చోట వెనక వచ్చే మనిషి కనిపించే దాకా ఆగి, దారి చూపి కదలాలి. ఈ ఒక్క అలవాటు అందరికీ ఉంటే బృందంలో ఎవరూ తప్పిపోరు. మూత్రానికి వెళ్లేవారు పక్కనున్నవారికి చెప్పి, తమ సంచిని దారి మీద ఉంచి వెళ్లాలి. ఆ సంచి కనబడినంత సేపు స్వీప్ అక్కడి నుంచి కదలరు. ఈ ఇబ్బందికి వెరసి నీళ్లు తాగడం మానేసే స్త్రీలు చాలామంది ఉంటారు. అది వడదెబ్బకు దారి తీస్తుంది కాబట్టి, ఎక్కడెక్కడ ఆగుతారో లీడరే ముందుగా ప్రకటించడం మర్యాద.

పాదంలో ఎక్కడైనా వేడిగా, రాసుకున్నట్టుగా అనిపించిన క్షణమే ఆగి, బూటు విప్పి, ప్లాస్టరు అంటించాలి. బొబ్బ లేచాక చేయగలిగేది తక్కువ. దిగుడు మొదలయ్యే ముందు బూటు తాళ్లు విప్పి, మడమను వెనక్కి తన్ని, చీలమండ దగ్గర బిగించి మళ్లీ కట్టండి. పరుపుబండ దిగేటప్పుడు భయంతో వెనక్కి వాలితే కాలు జారుతుంది. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువు పాదాల మీదికి తెచ్చి, అడుగు మొత్తం ఆనేలా చిన్న చిన్న అడుగులు వేయాలి. నల్లగా నీటి చార కనిపించిన చోట అది ఎండినట్టున్నా కాలు పెట్టవద్దు, అక్కడ పాచి ఉంటుంది. చేత్తో బండ చీలికను పట్టుకునే ముందు లోపలికి తొంగి చూడండి, పాములూ తేళ్లూ ఎండ వేళ అక్కడే తల దాచుకుంటాయి.

దారి తప్పితే తిరగవద్దు. ఉన్నచోటే నీడన ఆగి, మూడేసి సార్లు ఈల ఊదుతూ ఉండండి.

ఎనిమిదో దశ: ప్రమాదాల విషయంలో తెలిసి ఉండవలసినవి

మన కోటల్లో అన్నింటికంటే తరచుగా ఎదురయ్యే ప్రమాదం పెద్ద తేనెటీగలు. నిలువు బండలకు, పాత బురుజుల కింద వేలాడే పట్టుల దగ్గర పొగ పెట్టకూడదు, సెంటు వాసన ఉండకూడదు, కేకలు వేయకూడదు. అవి లేస్తే చేతులు ఊపకుండా, ముఖానికి బట్ట కప్పుకుని తిన్నగా దూరం పరుగెత్తాలి, నీళ్లలో దూకకూడదు. ముళ్లను గోటితో గీకి వెంటనే తీసేయాలి. గొంతు బిగుసుకుపోయినా, పెదవులు వాచినా అది ప్రాణాపాయం.

పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, నాటు మందు పూయడం ఏదీ చేయవద్దు. ఉంగరాలు, కడియాలు తీసి, కరిచిన అవయవం కదలకుండా కర్రతో ఆధారం కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దింపి, 108కు ఫోను చేయాలి. విరుగుడు ఇంజెక్షను ప్రభుత్వ ఆసుపత్రిలో దొరుకుతుంది. పామును చంపి తీసుకువెళ్లవలసిన అవసరం లేదు, మన దగ్గర వాడే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ పనిచేస్తుంది.

ఎండ దెబ్బకు మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా, ముందుగా నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి విసరాలి. ఆసుపత్రికి తీసుకెళ్తూ కూడా చల్లబరచడం ఆపకూడదు. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్న గుట్టల్లో తెల్లవారకముందు, పొద్దు గూకాక గుహల దగ్గరికి వెళ్లకూడదు. ఎదురైతే వీపు చూపి పరుగెత్తక, గుంపుగా ఉండి మెల్లగా వెనక్కి తగ్గాలి.

ఇక మర్యాదల విషయానికి వస్తే, స్పీకర్లో పాటలు పెట్టవద్దు. చెంచు పెంటల్లో, అంటే అడవిలోని చెంచుల గూడేల్లో, అడగకుండా ఎవరి ఫోటోలూ తీయవద్దు. వారు తరతరాలుగా ఆ అడవిలో బతుకుతున్నవారు, మనం ఒక పూట అతిథులం. అమ్రాబాద్ అడవిలో ప్లాస్టిక్ వదలడం నిషేధం. కోట గోడల మీద పేర్లు చెక్కితే పోయిన రాయి తిరిగి రాదు. బృందంలో ఎవరైనా మద్యం తెస్తే మొహమాటపడకుండా లీడర్‌కు చెప్పండి.

చివరి దశ: తిరిగి వచ్చాక

దిగిన వెంటనే తలల లెక్కలో మీ సంఖ్య చెప్పకుండా సొంత బండిలో వెళ్లిపోవద్దు. అలా ఒకరు చెప్పకుండా వెళ్తే మిగతావారు గుట్ట మీద గంటల తరబడి వెతకవలసి వస్తుంది. ఇంటికి చేరగానే గ్రూపులో ఒక మాట రాయండి. స్నానం చేసేటప్పుడు చంకలు, మోకాళ్ల వెనక, నడుము చుట్టూ పిడుదులు అంటుకున్నాయేమో చూసి, చర్మానికి ఆనించి చిమటాతో నిదానంగా లాగేయాలి. ఆ తరువాతి రెండు వారాల్లో జ్వరం వస్తే అడవికి వెళ్లివచ్చిన సంగతి వైద్యుడికి చెప్పండి. బూట్లలో కాగితాలు కూరి నీడన ఆరబెట్టండి, ఎండలో పెడితే జిగురు పాడవుతుంది.

దారిలో దెబ్బ తగిలినా, ఎక్కడైనా భయం వేసినా, నీళ్లు చాలకపోయినా లీడర్‌కు తెలియజేయండి, తరువాతి బృందానికి వేళలు నిర్ణయించేటప్పుడు అది ఉపయోగపడుతుంది. కొన్ని నడకల తరువాత స్వీప్‌గా ఉంటానని మీరే అడగండి. మొదట అనుభవమున్న స్వీప్ పక్కన నడిచి, ప్రథమ చికిత్స శిక్షణ పూర్తి చేసుకున్నాక, భువనగిరి వంటి చిన్న గుట్టతో ఆ పని మొదలుపెట్టవచ్చు.